ముట్టుకోకుండా మూడు రోజులు

ఏలూరు, కొల్లేరు తిరిగొచ్చానని చెప్పగానే మా స్టాఫ్ రూములో అందరూ అడిగిన మొదటి ప్రశ్న "చేపలు తెచ్చావా?" అని. రెండోది "అక్కడ నిజంగానే అన్ని నీళ్లుంటాయా?" అని. మాది కదిరి దగ్గర. మా దగ్గర నీళ్లంటే ట్యాంకరు. కాబట్టి రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఉంటాయి. అక్కడివాళ్లకే విసుగొచ్చేటన్ని ఉంటాయి. చేపలు మాత్రం తేలేదు. రాత్రంతా రైల్లో చేపతో కలిసి ప్రయాణం చేసేంత స్నేహం మాకింకా కుదరలేదు.

నేను వెళ్లింది చేపల కోసమూ కాదు, నీళ్ల కోసమూ కాదు. నేను సోషల్ టీచర్ని. పదిహేనేళ్లుగా ఐదో తరగతికి మతాల పాఠం చెబుతున్నాను. అందులో మూడు బొమ్మలుంటాయి. ఒక గోపురం, ఒక మినారు, ఒక శిలువ. పిల్లలు వాటికి రంగులేస్తారు. గోపురానికి పసుపు, మినారుకి ఆకుపచ్చ. శిలువకి ఏ రంగు వెయ్యాలో ఎవరికీ తెలియదు కాబట్టి, పెట్టెలో మిగిలిపోయిన గోధుమ రంగు. దాంతో సర్వమత జ్ఞానం పూర్తవుతుంది. పరీక్షలో ఐదు మార్కులు.

విజయకుమారి బి.ఇడి.లో నా రూమ్మేటు. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. రెండువేల ఏడు ఫిబ్రవరిలో ఒకరోజు ఫోన్ చేసింది.

"ఆ పాఠం చెప్పి చెప్పి నోరు పడిపోతోందే. ఈసారి పిల్లల్ని చర్చికీ మసీదుకీ గుడికీ తీసుకెళ్లి, అన్నీ వాళ్ల చేత్తోనే చేయించబోతున్నా. మూడు రోజులు. నువ్వూ రా. చూసెళ్లి మీ ఊళ్లో నువ్వూ చేయించొచ్చు."

నాకు కొంచెం పౌరుషం వచ్చింది. "మా ఊళ్లో అవన్నీ ఎవరూ నేర్పక్కర్లేదు. పీర్ల పండక్కి పీరునెత్తుకుని నిప్పుల గుండం తొక్కేది మా పెదనాన్నే" అన్నాను.

"అవునా. ఆ సంగతి నీ పిల్లలకి పాఠంలో చెబుతావా?"

చెప్పను. పుస్తకంలో లేదు కదా. అందుకని సెలవు పెట్టి రైలెక్కాను.

తాడేపల్లిగూడెం

స్టేషన్ బయట హోటల్లో పెసరట్టు ఉప్మా పది రూపాయలు. ఉప్మాని అట్టు లోపల పెట్టి మడిచి ఇస్తారు. టిఫిన్ లోపల టిఫిన్. మా వైపు ఒక ఇంట్లో రెండు టిఫిన్లు చేస్తే పెళ్లనుకుంటారు. పక్కన కూర్చున్న పెద్దాయన నా ప్లేటు చూసి, "అల్లం పచ్చడి వేయించుకోలేదేంటండీ? ఏవండీ, ఈవిడకి కాస్త అల్లం పచ్చడి వెయ్యండి" అని తన డబ్బు పోతున్నంత బాధగా సర్వరుకి చెప్పాడు. ఈ ఊళ్లో ఎవరితో ఎవరు మాట్లాడినా వెనక ఒక 'అండీ' తగిలిస్తారు. తిట్టేటప్పుడు కూడా. "బుద్ధుందా అండీ మీకు?" అని ఆటోవాడు ఇంకో ఆటోవాణ్ణి అడగడం నా చెవులతో విన్నాను.

స్కూలు గేటుకి పెద్ద బ్యానరు కట్టి ఉంది. 'చేత్తో చేసి నేర్చుకుందాం' అని. దానికింద కుర్చీలో కరస్పాండెంటు గారు కూర్చుని, తల్లిదండ్రులు సంతకాలు చేసిన ఫారాలు సర్దుతున్నారు. ఆయన మెత్తటి మనిషి.

"కాన్సెప్టు మాకు చాలా నచ్చిందండీ" అన్నారు నాతో. "కాకపోతే పేరెంట్సు ఉన్నారు కదండీ."

ఫారం తీసి చదివాను. పిల్లలు అన్ని ప్రార్థనా స్థలాలనూ చూస్తారు. ఏ వస్తువునూ ముట్టుకోరు. ఎక్కడా ఏమీ తినరు, తాగరు. తల్లిదండ్రుల తరఫున ఒకరు వెంట ఉండి ఈ నిబంధనలు అమలయ్యేలా చూస్తారు.

బ్యానరు వైపు చూశాను. ఫారం వైపు చూశాను. కరస్పాండెంటు గారు నా చూపు పట్టుకుని, "బ్యానరు ముందే ప్రింటయిపోయిందండీ" అన్నారు.

వెంట ఉండేవారి పేరు సుబ్బారావు గారు. మార్కెట్ దగ్గర మోటారు పంపుల సామాన్ల కొట్టు. ఆయన కూతురు లాస్య ఐదో తరగతి. ఆయన అప్పటికే వ్యాను దగ్గర నిలబడి ఒక పెద్ద అట్టపెట్టెని లోపలికి ఎక్కిస్తున్నారు. నిండా గ్లూకోజు బిస్కెట్లు. ఏ మతానికీ చెందని ఆహారం దొరకాలంటే అదొక్కటే దారని ఆయన చాలా ఆలోచించి కనిపెట్టారు. రెండు క్యాన్ల నీళ్లు కూడా తెచ్చారు. వాటి మతం నేనడగలేదు.

మొత్తం ఇరవై ఇద్దరు పిల్లలు. మొదటి రోజు ఊళ్లోనే చర్చి. పాస్టరు గారు గుమ్మంలోనే నిలబడి, చెప్పులు బయట విడవాలని, లోపల మెల్లగా మాట్లాడాలని చెప్పి, ప్రార్థన ఎలా చేస్తారో చూపించడానికి మోకాళ్లమీద కూర్చున్నారు. పిల్లలు ఒకరినొకరు చూసుకుని టపటపా మోకాళ్లు వంచారు. లాస్య కూడా.

"లాస్యా, మోకాళ్లొద్దమ్మా. మామూలుగా కూర్చుని చూడు" అన్నారు సుబ్బారావు గారు వెనక నుంచి.

విజయ ఆయన దగ్గరికి వెళ్లింది. గొంతు పెంచలేదు గాని, పది మందికీ వినిపించింది. "ఏవండీ, మోకాలు వంచితే మతం మారిపోతుందా అండీ? అంత పల్చటి మతమా మీది? పిల్లకి లేని భయం పెద్దవాళ్లకెందుకండీ?"

పాపం, ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అలాక్కాదండీ... ఫారంలో..." అని, చివరికి కూతురి వైపు చూసి "సరే, కూర్చోమ్మా" అన్నారు. విజయ నా వైపు చూసి కళ్లతో నవ్వింది. నాకు గర్వంగా అనిపించింది. హాస్టల్లో వార్డెన్ని కూడా ఇలాగే నిలదీసేది.

తరవాత గంట తాడు లాగడానికి పోటీ పడ్డారు. ఒక పిల్ల తాడుతోపాటు పైకి లేచింది. ముట్టుకోవద్దన్న నిబంధన కింద తాడు వస్తుందా రాదా అని సుబ్బారావు గారు కాసేపు ఆలోచించి, చివరికి తాడు మతానికి సంబంధించినది కాదని తేల్చుకున్నారు.

ఆ సాయంత్రం విజయ ఇంట్లో దిగాను. వాళ్లాయన రైల్వేలో పని, డ్యూటీ మీద వెళ్లాడు. ఇంట్లో ఉన్నది విజయ, ఆ ఇరవై ఇద్దరిలో ఒకతైన వాళ్లమ్మాయి స్నేహలత, అత్తగారు శాంతమ్మ గారు. తెల్లచీర, బోడి నుదురు, మెడలో చిన్న నల్లతాడు. మనిషి సన్నగా ఉంటారు గాని, ఇంట్లో ఆవిడ మాటకి ఎదురులేదు. చేపల పులుసు వడ్డించి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. నా కోసం కూడా చేశారు. నా ప్రయాణం కోసం, మా ఆయన కోసం, పుట్టని మా మనవల కోసం. పులుసు చల్లారిపోయింది.

ముళ్లు ఏరుకోవడం నాకు చేతకాదు. రెండో ముద్దకే ఒకటి గొంతులో గుచ్చుకుంది. శాంతమ్మ గారు కంగారు పడకుండా ఒట్టి అన్నం పెద్ద ముద్ద చేసి నా నోట్లో పెట్టి, "నమలకుండా మింగమ్మా" అన్నారు. ముల్లు దిగిపోయింది. ఆ తరవాత ముళ్లు ఆవిడే ఏరి నా కంచంలో చేప పెట్టారు. నాకు, నలభై రెండేళ్ల వయసులో.

"ఆదివారం ఎక్కడికే మీరు?" అని కోడల్ని అడిగారు. "ఆరాధన మానేసి?"

"కొల్లేరుకి అత్తయ్యా. పక్షుల్ని చూడ్డానికి" అంది విజయ, కంచం లోంచి తల ఎత్తకుండా.

నేను స్నేహ వైపు చూశాను. స్నేహ నీళ్ల గ్లాసు వైపు చూసింది.

తరవాత వంటింట్లో "ఇదేంటే?" అన్నాను. "ఆవిడకి గుడన్నా బొట్టన్నా మంట" అంది విజయ గిన్నెలు కడుగుతూ. "నా పెళ్లికి మా స్నేహితురాలు సరదాకి తిలకం పెడితే, ఫొటో తీసే ముందు ఆవిడే తడిగుడ్డతో తుడిచేసింది. ఏం చెప్పమంటావు? మూడు రోజుల ముచ్చటకి ఇంట్లో యుద్ధమెందుకు?"

ఏలూరు

తివాచీలు నేసే ఊరని ఏలూరు గురించి పిల్లలచేత ఎన్నోసార్లు బోర్డు మీద రాయించాను. ఇన్నాళ్లకి చూశాను. కరీముల్లా గారి మగ్గం వాళ్లింటి ముందు గదిలో, గోడంత పొడుగున నిలబడి ఉంది. ఎదురుగా చిన్న మసీదు. విజయ ముందే వచ్చి ఆయనతో మాట్లాడి పెట్టుకుంది.

ఇక్కడ నా ప్రతిభ చూపించాలనుకున్నాను. మా కదిరి వైపు కూరగాయలు బేరమాడేంత ఉర్దూ అందరికీ వస్తుంది. నాకొచ్చిన ఉర్దూ అంతా బయటికి తీసి, ఆయన ఆరోగ్యం, పిల్లల చదువు, వ్యాపారం గురించి అడిగాను. కరీముల్లా గారు మర్యాదగా చివరిదాకా విని, "తెలుగులో చెప్పండమ్మా, మాకర్థమవుతుందండీ" అన్నారు.

పిల్లలకి మగ్గం మీద ఒక్కొక్క ముడి వేయడం నేర్పారు. ఉన్ని పోగుని రెండు దారాల చుట్టూ తిప్పి, కిందికి లాగి, కత్తిరించాలి. ఆయన వేలు కదిలినట్టే కనిపించదు, ముడి పడిపోతుంది. మన పిల్లలు ఒక్కొక్కరూ నాలుక బయటపెట్టి ఐదేసి నిమిషాలు తీసుకున్నారు. ఇరవై రెండు ముళ్లూ అయ్యాక ఆ వరస వానపాములా వంకరగా ఉంది.

"ఈ తివాచీ మీద ఎవరైనా నమాజు చేస్తారా అండీ?" అని స్నేహ అడిగింది.

"చేస్తారమ్మా. మసీదు వాళ్లు చెప్పి చేయించుకుంటున్నదే ఇది."

"అయితే మా ముళ్ల మీద కూర్చుంటారన్నమాట!" పిల్లలందరి మొహాలూ వెలిగిపోయాయి. విజయ కళ్లు చెమ్మగిల్లాయి. నేను కూడా ఒక మంచి వాక్యం ఆలోచిస్తున్నాను, అందరి ముళ్లూ కలిసి ఒకే తివాచీ అని.

"లేదమ్మా" అన్నారు కరీముల్లా గారు ఇబ్బందిగా నవ్వి. "మీరెళ్లాక విప్పేస్తానండీ. ఇది ఆర్డరు సరుకు."

నా వాక్యం నేను మింగేశాను. ముళ్లు మింగడం అప్పటికి అలవాటైంది.

అసలు తమాషా మసీదు దగ్గర జరిగింది. పిల్లలు రావచ్చు, మేడమ్‌లు మాత్రం ఇక్కడ ఇంట్లోనే కూర్చుంటే బాగుంటుందని పెద్దలు చెప్పారు. మరి పిల్లల్ని లోపలికి తీసుకెళ్లే పెద్ద మనిషి ఎవరు? మా మధ్య ఉన్న మగమనిషి ఒక్కరే. ఎవరూ ఏమీ ముట్టుకోకుండా చూడ్డానికి వచ్చినాయనే.

సుబ్బారావు గారు మా ఇద్దరి మొహాలూ చూశారు. తప్పించుకునే దారి లేదు. జేబురుమాలు తీసి తలకి కట్టుకుని, ఇరవై ఇద్దరినీ వరసలో పెట్టుకుని రోడ్డు దాటారు. మేము కిటికీలోంచి చూస్తున్నాం. నమాజుకి ముందు చేతులు, నోరు, మొహం, కాళ్లు కడుక్కోవడాన్ని వజూ అంటారు. నీళ్ల తొట్టి దగ్గర ఒక ముసలాయన చేసి చూపిస్తున్నాడు. పిల్లలు చేతులు తడుపుకుంటూ నీళ్లు చిమ్ముకుంటున్నారు. సుబ్బారావు గారు మొదట దూరంగా నిలబడ్డారు. తరవాత వరస తప్పిన ఒకణ్ణి సరిచేయడానికి దగ్గరికి వెళ్లారు. తరవాత "అలాక్కాదురా, మూడుసార్లు, మోచేతి దాకా" అంటూ ఆయనే ప్యాంటు మడిచి చూపించడం మొదలుపెట్టారు. పంపుల కొట్టు మనిషి కదా, నీళ్ల పని ఎవరైనా తప్పుగా చేస్తుంటే చూస్తూ ఊరుకోలేరు.

మోకాళ్ల దాకా తడిసి తిరిగొచ్చారు. కరీముల్లా గారి భార్య జైనబీ గారు తువ్వాలు అందించి, సేమియా పాయసం గిన్నెలు తెచ్చి ముందు పెట్టారు. ఫారం సంగతి ఆవిడకెలా తెలుస్తుంది? పిల్లలంతా పాయసాన్నీ, సుబ్బారావు గారినీ మార్చి మార్చి చూశారు.

"వీళ్లు బయట ఏమీ తినకూడదండీ. స్కూలు రూలండీ" అన్నారాయన, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

ఆవిడ "అవునండీ, ఎండాకాలం వస్తోంది కదండీ, బయట తిండి మంచిది కాదు" అన్నారు. ఆ మాటతో మా పరువు మాకు తిరిగిచ్చి, గిన్నెలు లోపలికి తీసుకెళ్లారు. అంత మర్యాదగా ఎవరైనా నన్ను ఓడించడం అదే మొదటిసారి. వ్యానులో పిల్లలు గ్లూకోజు బిస్కెట్లు తిన్నారు. సుబ్బారావు గారు తినలేదు. "చెడ్డ పని చేశాం కదండీ" అన్నారు, ఎవరితోనో తెలియకుండా.

కొల్లేటికోట

ఆదివారం పొద్దున ఆకివీడు దాటాక రోడ్డుకి రెండు వైపులా నీళ్లు మొదలయ్యాయి. ఏది చెరువో ఏది కొల్లేరో నాకు తెలియలేదు. అంతకుముందు ఏడాదే సర్కారువాళ్లు సరస్సులోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారట. తెగిన గట్ల ముక్కలు నీళ్లలో అక్కడక్కడా తేలుతున్న ఎనుముల వీపుల్లా కనిపించాయి. గూడబాతులు మాత్రం ఎవరి గట్టు అని చూడకుండా వాలుతున్నాయి. వాటిని చూడ్డానికని పది నిమిషాలు వ్యాను ఆపించింది విజయ. ఇంట్లో చెప్పింది పూర్తి అబద్ధం కాకూడదని కాబోలు.

అక్కడి నుంచి పడవ. పడవ నడిపించేది నాగరత్నం, ఆమె భర్త. చేపలు పట్టే కుటుంబం. గుడి దగ్గర పిల్లలతో పొంగలి వండించడానికి విజయ మాట్లాడుకుంది ఆమెనే. చెరువు పోయాక కూలికి వెళుతున్నామని, జాతర రోజుల్లో పడవ మీద నాలుగు డబ్బులొస్తాయని చెప్పింది. "మాకు నీళ్లంటే భయమేస్తుంది" అన్నాను నేను పడవ అంచు పట్టుకుని. "మాకు నీళ్లు లేకపోతే భయమండీ" అంది.

గుడి ఆవరణలో మూడు రాళ్ల పొయ్యిలు చాలా వెలుగుతున్నాయి. మొక్కులున్న వాళ్లు అక్కడే వండుకుని అమ్మవారికి పెట్టి తింటారు. నాగరత్నం పిల్లలకి పనులు పంచింది. ఒకరు బియ్యం కడగాలి, ఒకరు బెల్లం దంచాలి, ఒకరు పొయ్యిలో పుల్ల ఎగదొయ్యాలి. సుబ్బారావు గారు ఫారం ఊసెత్తలేదు. ఏలూరు పాయసం ఆయన కడుపులో పడకపోయినా అరగలేదనుకుంటాను. పైగా ఇది ఆయన గుడి. కూతురు పొగకి కళ్లు నులుముకుంటే పక్కనే కూర్చుని పొయ్యి ఊదారు.

పొంగలి పొంగగానే పిల్లలు కేకలేశారు. గుడి దగ్గర కుంకుమ పెట్టే పెద్దావిడ పళ్లెం పట్టుకుని వచ్చి వరసగా అందరికీ బొట్టు పెట్టసాగింది. స్నేహ తన వంతు రాగానే జుట్టు వెనక్కి తోసుకుని, కళ్లు మూసుకుని, నుదురు ముందుకి చాపింది.

"స్నేహా!"

విజయ గొంతది. పరుగున వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. పళ్లెం తగిలి కుంకుమ కొంత ఇసకలో పడింది.

"అందరూ పెట్టించుకున్నారు కదమ్మా" అంది స్నేహ.

"నువ్వొద్దు."

"నువ్వే కదా చెప్పావు, అన్నీ చేత్తో చేసి..."

విజయ కొట్టింది. చెంప మీద. ఇరవై ఒక్కమంది పిల్లల ముందు.

పెద్దావిడ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడింది. విజయ తన చేతిని తనే చూసుకుని, పడవల రేవు వైపు వెళ్లిపోయింది.

మొన్న చర్చిలో ఆమె అన్న మాటలన్నీ సుబ్బారావు గారికి గుర్తుండే ఉంటాయి. ఆయన ఏదో అంటారని ఎదురుచూశాను. ఆయన నా దగ్గరికి వచ్చి మెల్లగా, "మీరు వెళ్లి ఆవిడ దగ్గర కూర్చోండి మేడమ్ గారూ. ఏమీ అనకండి. పిల్లల విషయంలో భయం ఎవరికైనా ఒకటేనండీ" అన్నారు. నిజం చెప్పాలంటే, అనడానికి నా దగ్గర ఒక మాట సిద్ధంగానే ఉంది. ఆయన అలా అన్నాక దాన్ని వాడటానికి సిగ్గేసింది.

విజయ రేవు మెట్టు మీద కూర్చుని ఏడుస్తోంది.

"తుడిచేస్తే పోయేదానికి కొట్టాలటే?" అన్నాను.

"అదే. రేవులో కడుక్కోమని చెప్పొచ్చు. కాని అబద్ధమాడి తీసుకొచ్చి, మళ్లీ తుడుచుకుని ఇంటికి రమ్మని దానికెలా చెప్పనే? అది నన్నేమనుకుంటుంది? ఇప్పుడైతే మాత్రం ఏమనుకుంటుంది?"

"ఆవిడకి బొట్టంటే అంత కోపమెందుకు?"

"మేం క్రిస్టియన్లం కదా."

"అంతేనా? మా ఊళ్లో క్రిస్టియన్లలో బొట్టు పెట్టుకునేవాళ్లున్నారు."

విజయ ముక్కు తుడుచుకుంది. "పన్నెండేళ్లయింది ఆ ఇంటికొచ్చి. ఎప్పుడూ అడగలేదు" అంది.

తిరిగి వెళ్లేసరికి స్నేహ పొయ్యి దగ్గరే మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది. లాస్య తన వంతు పొంగలి ఆకు పట్టుకుని పక్కన కూర్చుంది, తినకుండా. విజయ కూతురి ముందు గొంతుక్కూర్చుంది.

"తప్పు నాది. నీది కాదు. నీకు కావాలంటే పెట్టించుకో. ఇంట్లో మాట నేను పడతా."

స్నేహ వెంటనే కరగలేదు. పదేళ్ల పిల్లలు కరిగే తొందరలో ఉండరు. కాసేపయ్యాక లేచి, పెద్దావిడ దగ్గరికి తనే వెళ్లింది. ఆవిడ "పేరేంటమ్మా?" అని అడిగి, బొట్టు పెట్టి, చెంప మీద చేత్తో నిమిరింది. తరవాత అందరూ లోపలికి వెళ్లారు. గంట అందకపోతే సుబ్బారావు గారు కూతురినీ, తరవాత స్నేహనీ ఎత్తి పట్టుకున్నారు.

పొంగలి అందరం తిన్నాం. అడుగంటింది, పొగ వాసన, బెల్లం ఎక్కువ. అంత బాగా ఈ మధ్య ఏదీ తినలేదు. మిగిలిన బిస్కెట్ల పెట్టె సుబ్బారావు గారు నాగరత్నం పిల్లలకి ఇచ్చేశారు.

మళ్లీ తాడేపల్లిగూడెం

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. శాంతమ్మ గారు వరండాలో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. వ్యాను దిగి నాలుగడుగులు వేశాక విజయ ఆగి, కూతురి భుజం పట్టుకుంది. తుడిచేస్తుందేమోననుకున్నాను. తుడవలేదు. జుట్టు మాత్రం సర్ది పంపింది.

శాంతమ్మ గారు మనవరాలి గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పారు.

"పక్షులు పెట్టాయా ఇది?"

"అత్తయ్యా, నేనే..." అంది విజయ.

"నువ్వుండు." ఆవిడ పిల్ల మొహం వదల్లేదు. "ఎక్కడికెళ్లావే?"

"కొల్లేటికోట అమ్మవారి గుడికి, నాయనమ్మా."

"బయట నుంచి చూశారా?"

"లేదు, లోపలికే వెళ్లాం."

"లోపలిదాకా ఎల్లనిచ్చారా నిన్ను?"

"ఆఁ. గంట కూడా కొట్టాను. సుబ్బారావు అంకులు ఎత్తుకున్నారు."

"ఎవరి పిల్లవని అడగలేదా?"

"పేరడిగారు. స్నేహలత అని చెప్పాను."

శాంతమ్మ గారి చేతిలోంచి చిక్కుడుకాయ జారి చేటలో పడింది. కోపం వస్తుందని కాచుకుని ఉన్నాం నేనూ విజయా. ఆవిడ మాట్లాడినప్పుడు గొంతు మామూలుగానే ఉంది.

"మా చిన్నప్పుడు మా ఊళ్లో గుడుండేది. మా పేటోళ్లం రోడ్డు దాటకూడదు. మా అమ్మ కొబ్బరికాయ రోడ్డు మీద పెట్టి దూరంగా నిలబడేది. వాళ్లు దాని మీద నీళ్లు చల్లి తీసుకెళ్లి, కొట్టి, సగం చెక్క మా వైపు ఇసిరేవోళ్లు. దాన్ని పట్టుకోవడం నా పని. ఒకరోజు పట్టుకోలేకపోయాను. బురదలో పడ్డది. ఆళ్లు నవ్వారు. మా అమ్మ ఆ చెక్క తీసి కడుక్కుని, ఇంటికొచ్చి, బొట్టు కడిగేసుకుంది. మర్నాడు నన్ను తీసుకుని మిషను దొరసాని దగ్గరికెళ్లింది. ఆవిడ నన్ను తన చాప మీద పక్కన కూర్చోబెట్టుకుంది."

ఇరవై ఇద్దరు పిల్లల్ని మూడు ఊళ్లు తిప్పినావిడ, మూడు గుమ్మాల్లోనూ పిల్లలడగాల్సిన ప్రశ్నలు కాగితం మీద రాసి పట్టుకెళ్లినావిడ, వరండా మెట్టు మీద చతికిలబడింది. నేనూ పక్కన కూర్చున్నాను. నా గోపురానికి పసుపు రంగు వేయించిన పదిహేనేళ్లూ నాతోపాటే కూర్చున్నాయి.

"లోపల ఎలా ఉంటదే?" అని అడిగారు శాంతమ్మ గారు.

స్నేహ మంచమెక్కి ఆవిడ పక్కన సర్దుకుంది. "చీకటిగా ఉంటది నాయనమ్మా. కాళ్లకింద చల్లగా, జిడ్డుగా ఉంటది. నూనె వాసన. అందరూ తోసుకుంటారు. అమ్మవారికి పెద్ద కళ్లుంటాయి. ఒక్క నిమిషం చూడనిస్తారు, జరగండి జరగండి అంటారు. బయటికొచ్చేస్తాం."

"అంతేనా?"

"అంతే."

ఆవిడ ఒకసారి రోడ్డు వైపు చూశారు. తరవాత చెంగు తీసి, ఎండకి కందిపోయిన పిల్ల మొహం మీద చెమట తుడిచారు. బుగ్గలు తుడిచారు, మెడ తుడిచారు. నుదురు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి మెల్లగా పక్కకి తిప్పి, బొట్టు చెదరకుండా, చుట్టూ తుడిచారు.